ముహూర్తం చెప్పకండి, కాగితం అడగండి: బెంగళూరులో మొదటి కారు కొనేవాళ్ళకి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మారతహళ్ళిలో ఉంటున్నారు, ఇది మొదటి కారు, ఆన్‌రోడ్ (పన్నులు, బీమా అన్నీ కలిపి) 11 లక్షల లోపు, పెట్రోల్ ఆటోమేటిక్ కావాలి. శని, ఆదివారాల్లో మూడు షోరూములు తిరిగారు. మొదటిదాంట్లో ఇరవై నిమిషాలు నిలబడినా ఎవరూ పలకరించలేదు. రెండోదాంట్లో గేర్‌బాక్స్ ఏ రకం అని అడిగితే "ఆటోమేటిక్ అంటే ఆటోమేటిక్కే సార్" అన్నారు. మూడోదాంట్లో ఇన్సూరెన్స్ తమ దగ్గర తీసుకోకపోతే రేపు క్లెయిమ్ రాదని, ఆఫర్ ఇవాళ సాయంత్రం వరకేనని తొందరపెట్టారు. "అన్నిచోట్లా ఇంతేనా, లేక నాకే మాట్లాడటం రావట్లేదా?" అని అడిగారు.

మీ మాటలో లోపం ఏమీ లేదు. మాది హిందూపురం, 2005 నుంచి బెంగళూరులోనే ఉన్నాను. ఇక్కడ ఒక కార్ల డీలర్ దగ్గర అకౌంట్స్‌లో ఏడేళ్ళు పనిచేశాను. తర్వాత నాకోసం రెండు కార్లు కొన్నాను, చుట్టాలకీ ఆఫీసువాళ్ళకీ తోడు వెళ్ళి ఓ పన్నెండు కొనిపించి ఉంటాను. మీకు ఎదురైనవన్నీ నేను కౌంటర్‌కి రెండు వైపుల నుంచీ చూసినవే.

ముందు లోపలి సంగతి చెప్తాను, మిగతావన్నీ దాన్నుంచే అర్థమవుతాయి. మా దగ్గర అమ్మిన ప్రతి కారుకీ ఒక షీటు ఉండేది. పైన కస్టమర్ పేరు, మోడల్. కింద వరసగా గళ్ళు: ఇన్సూరెన్స్ మనదేనా, లోన్ మన ద్వారానేనా, యాక్సెసరీలు ఎంతకి తీసుకున్నారు, ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉందా, పాత కారు ఎక్స్‌చేంజ్‌కి వచ్చిందా. నెలాఖరున సేల్స్ పిల్లల ఇన్సెంటివ్ ఆ గళ్ళను బట్టే లెక్కకట్టేవాళ్ళం. చేతికొచ్చే జీతం చాలా తక్కువ, ఆ గళ్ళు నిండితేనే ఇంటద్దె గడిచేది. గేర్‌బాక్స్ గురించి ఓపిగ్గా వివరించినవాడికి ఆ షీటులో ఒక్క గడి కూడా లేదు. ఆ ఏడేళ్ళలో కారు గురించి బాగా తెలిసిన పిల్లలు ఇద్దరు ముగ్గురు వచ్చారు. వాళ్ళు ఎక్కువ కాలం నిలవలేదు. ఇన్సూరెన్స్ అంటగట్టడం వచ్చినవాళ్ళు టీమ్ లీడర్లయ్యారు.

కాబట్టి మీకు సమాధానం చెప్పలేక నీళ్ళు నమిలిన అబ్బాయి మీద కోపం పెట్టుకోకండి. అతనికి ఎవరూ నేర్పలేదు, నేర్చుకుంటే దక్కేదీ లేదు. మీరు చెయ్యాల్సింది ఒక్కటే. కారు గురించి తేల్చుకోవాల్సినవన్నీ బయటే తేల్చుకుని, షోరూమ్‌కి కాగితం కోసం, అంటే ధరలు రాసిచ్చే కొటేషన్ కోసం మాత్రం వెళ్ళండి. ఏ వేరియంట్, ఏ ఇంజిన్, ఏ గేర్‌బాక్స్ అన్నది గడప తొక్కకముందే మీకు తెలిసి ఉండాలి.

పలకరించకపోవడం గురించి. 2022 జనవరిలో తుమకూరులో ఒక రైతుకి జరిగింది గుర్తుండే ఉంటుంది, అన్ని పేపర్లలోనూ వచ్చింది. గూడ్స్ వాహనం కొందామని వెళ్తే, ఆయన బట్టలు చూసి సేల్స్‌మన్ పది లక్షలు కాదు గదా జేబులో పది రూపాయలు కూడా ఉండవన్నట్టు మాట్లాడాడు. ఆయన కాసేపట్లోనే పది లక్షలు తెచ్చి ముందు పెట్టాడు. అప్పుడు బండి ఇవ్వలేక షోరూమ్‌వాళ్ళు నోరెళ్ళబెట్టారు. ఆ వార్త చదివినప్పుడు నాకు కడుపు మండింది, ఆశ్చర్యం మాత్రం కలగలేదు. చెప్పులు, బట్టలు, ఏ బండిలో దిగారు, ఇవి చూసి మనిషిని తూకం వేసే అలవాటు అక్కడ ఉంది.

నాకు జరిగింది వేరే రకం. 2013లో నా జీతంతో, నా పేరు మీద, నేను నడపడానికి కారు కొందామని వెళ్ళాం. మా ఆయనకి అప్పటికి డ్రైవింగ్ రాదు. ఆ సంగతి రెండుసార్లు చెప్పాను. అయినా ఆ సేల్స్‌మన్ తాళం ఆయన చేతిలో పెట్టాడు. గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ కారు అడుగు భాగానికీ మధ్య ఎత్తు) ఎంత, స్టీరింగ్ ఎత్తు మార్చుకోవచ్చా అని నేను అడుగుతుంటే "మేడమ్, మీరు కలర్ సెలెక్ట్ చెయ్యండి, సార్‌కి నేను ఎక్స్‌ప్లెయిన్ చేస్తా" అన్నాడు. సేఫ్టీ సంగతేమిటి అంటే, డోర్ తెరిచి గట్టిగా వేసి "సౌండ్ విన్నారా సార్? అదీ బిల్డ్ క్వాలిటీ" అన్నాడు, అదీ మా ఆయన వైపు చూసే. మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్ళు, ఆ చప్పుడుకి ఉలిక్కిపడింది. నేను లేచి వచ్చేశాను.

డోర్ చప్పుడుకీ ప్రమాదంలో మనిషి బతకడానికీ సంబంధం లేదు. ఆ చప్పుడు రబ్బరు బీడింగ్‌ని బట్టి, లాక్‌ని బట్టి వస్తుంది. గుద్దుకున్నప్పుడు కాపాడేది క్యాబిన్ నలగకుండా నిలబడటం, బెల్టులు, ఎయిర్‌బ్యాగులు. ఇప్పుడు మీకు కార్లని గుద్దించి పరీక్షించి స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ ఉంది, 2023 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పెద్దవాళ్ళకీ పిల్లలకీ వేర్వేరుగా స్టార్లు ఇస్తారు. మీరు చూస్తున్న మోడల్‌కి ఎన్ని వచ్చాయో ఇంట్లో కూర్చుని చూసుకోండి. షోరూమ్‌లో ఈ ప్రశ్న అడిగి టైమ్ వృథా చేసుకోకండి.

మర్నాడు ఇంకో కంపెనీ షోరూమ్‌కి వెళ్ళాం. ఉద్యోగంలో చేరి నెల కూడా కాని అమ్మాయి వచ్చింది. అదే గ్రౌండ్ క్లియరెన్స్ ప్రశ్న అడిగాను. "నాకు తెలీదు మేడమ్, ఒక్క నిమిషం" అని డిస్‌ప్లే కారు గ్లవ్‌బాక్స్‌లోంచి మాన్యువల్ తీసుకొచ్చింది. వెనక పేజీల్లో ఉన్న పట్టిక మీద వేలు పెట్టి ఒక్కో వరసా చదువుకుంటూ కిందికి వచ్చి, అంకె దొరికాక పుస్తకం నా వైపు తిప్పింది. నేను కారు ఆ అమ్మాయి దగ్గరే కొన్నాను. తెలీదు అని చెప్పగలిగిన మనిషి దొరికితే వదులుకోకండి, ధర దగ్గర కూడా అలాంటివాళ్ళే నిజం చెప్తారు.

గేర్‌బాక్స్ సంగతి మీకు ముఖ్యం కాబట్టి కాస్త చెప్తాను. మీ బడ్జెట్‌లో ఎక్కువగా దొరికేది ఏఎంటీ. అది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మిషన్ చేస్తుంది. చవక, మైలేజీ బాగుంటుంది, కానీ గేరు మారేటప్పుడు బండి ఒక్క క్షణం ఆగి ముందుకు తూలినట్టు ఉంటుంది. ఆటోమేటిక్‌లోనే వేరే రకాలైన సీవీటీలోనూ టార్క్ కన్వర్టర్‌లోనూ ఆ తూలుడు ఉండదు. రెండు క్లచ్‌లుండే డీసీటీ చాలా చురుగ్గా మారుతుంది, కానీ డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగని క్లచ్) రకమైతే గంటల తరబడి పాకే ట్రాఫిక్‌లో వేడెక్కే అవకాశం ఉంది. రోజూ సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్ దాటే మనిషికి ఈ తేడా చాలా పెద్దది. దీన్ని "ఆటోమేటిక్కే" అని ఒక్క మాటతో తేల్చేశారంటే అక్కడ అడగడం మానెయ్యండి. టెస్ట్ డ్రైవ్ మాత్రం వదలకండి. షోరూమ్ చుట్టూ ఒక కిలోమీటరు తిప్పి తెచ్చేస్తారు, దానికి ఒప్పుకోకండి. మీరు కొనబోయే వేరియంట్‌లోనే, మీ అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంప్ మీదకి తీసుకెళ్ళండి. ర్యాంప్ మధ్యలో ఆపి, బ్రేక్ మీంచి కాలు తీసి, వెనక్కి జారుతుందా లేదా చూడండి. ఏసీ ఆన్‌లోనే ఉంచండి, ఆపమని పక్కనున్నతను చెప్పినా సరే.

ఇక డబ్బు. ఇక్కడే అసలు నష్టం.

కొటేషన్ తీసుకునేటప్పుడు "మొత్తం ఆన్‌రోడ్ ఇంత" అనే ఒక్క అంకె ఒప్పుకోకండి. ఎక్స్‌షోరూమ్ (బండి అసలు ధర), లైఫ్ ట్యాక్స్ (ఒకేసారి కట్టే రోడ్డు పన్ను), రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, ఫాస్టాగ్, యాక్సెసరీలు, ఏది ఎంతో విడివిడిగా, డీలర్ స్టాంపుతో లేదా ఆఫీసు మెయిల్ నుంచి రావాలి. వాట్సాప్‌లో ఫొటో పంపిస్తాం అంటే సరిపోదు. హ్యాండ్లింగ్ అనో లాజిస్టిక్స్ అనో ఒక లైను కనిపిస్తే కొట్టేయమనండి. బండి షోరూమ్‌కి చేరే ఖర్చు ఎక్స్‌షోరూమ్ ధరలోనే ఉంటుంది. 2019 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లకి హైసెక్యూరిటీ నంబర్ ప్లేట్ ఇచ్చే బాధ్యత కూడా కంపెనీదే, దానికి విడిగా వసూలు చేస్తే ఎందుకని అడగండి.

బడ్జెట్ కాస్త పెంచుకుని, ఎక్స్‌షోరూమ్ పది లక్షల దగ్గరి కారు చూసేవాళ్ళు బాగా దెబ్బతినే చోటు ఒకటి ఉంది. "పై వేరియంట్‌కి పది వేలే తేడా సార్, సన్‌రూఫ్ వస్తుంది" అంటారు. కర్ణాటకలో లైఫ్ ట్యాక్స్ 5 నుంచి 10 లక్షల కారుకి 14 శాతం, 10 దాటి 20 లక్షల వరకు 17 శాతం, ఆ ట్యాక్స్ మీద మళ్ళీ 11 శాతం సెస్. అంటే 9,95,000 కారుకి పన్ను దాదాపు 1,54,600. 10,05,000 కారుకి దాదాపు 1,89,600. ధరలో పది వేల తేడా మీ జేబులోంచి 45 వేలై బయటికి పోతుంది. పైగా పది లక్షలు దాటితే మొత్తం ధర మీద 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్ళు ముందే వసూలు చేసే ఇన్‌కమ్ ట్యాక్స్) కడతారు. అది ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో తిరిగి లెక్కకొస్తుంది, కానీ ఆ రోజు చేతిలోంచి పోయేదే. ఈ లెక్క నేను చెప్తే ఒక షోరూమ్ మేనేజర్ క్యాలిక్యులేటర్ తీసి చూసుకుని, "ఇలా ఎవరూ అడగలేదు మేడమ్" అన్నాడు. ఆయన రోజూ అమ్ముతున్న కారు అది.

ఇన్సూరెన్స్ విషయంలో మీకు చెప్పింది తప్పు. పాలసీ ఎక్కడ తీసుకోవాలన్నది కొనేవాళ్ళ ఇష్టం, డీలర్ బలవంతపెట్టకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలే ఉన్నాయి. క్యాష్‌లెస్ క్లెయిమ్ (మన చేతి డబ్బు పెట్టకుండా బీమా కంపెనీయే వర్క్‌షాప్‌కి కట్టడం) వచ్చేదీ రానిదీ ఆ బీమా కంపెనీకి ఆ వర్క్‌షాప్‌తో ఒప్పందం ఉందా లేదా అన్నదాన్ని బట్టి. పాలసీ అమ్మింది ఎవరన్నది దానికి అడ్డు కాదు. కొత్త కారుకి థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి) బీమా మూడేళ్ళకి తప్పనిసరి, 2018 సెప్టెంబర్ నుంచి ఉన్న రూలు. ఆ భాగం రేటు అన్ని కంపెనీలకీ ఒకటే. 2022 జూన్ నుంచి వచ్చిన రేట్ల ప్రకారం 1000 నుంచి 1500 సీసీ కారుకి మూడేళ్ళకి 10,640, జీఎస్టీ అదనం. మిగతా సొంత నష్టం భాగంలోనే బేరం ఉంటుంది. కిందటిసారి మా ఆఫీసు అబ్బాయికి షోరూమ్ 58 వేలు అంది. అదే ఐడీవీ (బండి పూర్తిగా పోతే బీమా కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం), అవే యాడ్-ఆన్లతో (అదనపు రక్షణలతో) బయట 41 వేలకి వచ్చింది. ఆ కాగితం టేబుల్ మీద పెడితే పది నిమిషాల్లో షోరూమ్‌వాళ్ళే 42 వేలకి దిగారు. మీరూ ముందు బయట కొటేషన్ తీసుకుని వెళ్ళండి. ఐడీవీ సమానంగా ఉందో లేదో చూసుకోండి, దాన్ని తగ్గించి చవక అని చూపించేవాళ్ళు ఉన్నారు.

లోన్‌కి కూడా ఇదే పద్ధతి. "6 శాతమే సార్" అంటే ఫ్లాటా (మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వడ్డీ), రెడ్యూసింగా (తగ్గే బాకీ మీద వడ్డీ) అని అడగండి. ఎనిమిది లక్షలకి ఐదేళ్ళు 6 శాతం ఫ్లాట్ అంటే నెలకి సుమారు 17,330 కడతారు. అది తగ్గే బాకీ మీద లెక్కేస్తే దాదాపు 10.85 శాతం. 2024 అక్టోబర్ నుంచి బ్యాంకులు ఇలాంటి లోన్లకి కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి, అందులో అన్ని ఛార్జీలూ కలిపిన వార్షిక రేటు ఉంటుంది. సంతకం పెట్టకముందు ఆ ఒక్క పేజీ చేతిలోకి తీసుకోండి.

యాక్సెసరీల్లో ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. మీరు తీసుకునే కారుకి సీట్ల పక్కల ఎయిర్‌బ్యాగులు ఉంటే మామూలు సీట్ కవర్లు వేయించకండి. బ్యాగ్ బయటికి వచ్చే దారికి అవి అడ్డం పడతాయి. ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయని గొప్పగా చెప్పి, అదే నోటితో పన్నెండు వేల సీట్ కవర్లు అంటగట్టడం నేను ఎన్నోసార్లు చూశాను. అది తెలివితక్కువ పని మాత్రమే కాదు, ప్రమాదం కూడా.

"ఆఫర్ ఇవాళే" అన్న మాటకి కంగారుపడకండి. కంపెనీ స్కీములు ఎక్కువగా నెలకోసారి మారతాయి, సాయంత్రానికి మారవు. ఇవాళ బుక్ చేస్తే పాత రేటే ఉంటుందన్నది కూడా నమ్మకండి. బుకింగ్ ఫారం వెనక సన్న అక్షరాల్లో చూడండి, డెలివరీ నాటి ధరే వర్తిస్తుందని చాలావాటిలో ఉంటుంది. బుకింగ్ డబ్బు డీలర్ ఖాతాలోకే వెళ్ళాలి, సేల్స్ అబ్బాయి సొంత నంబర్‌కి ఫోన్‌పే చెయ్యొద్దు.

బెంగళూరులో మనవాళ్ళకి ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. మీరు ఫోన్‌లో తెలుగులో మాట్లాడటం విని ఒకతను దగ్గరికి వస్తాడు. "మాది కూడా కడపే అన్నా, మనోళ్ళకి నేను చూసుకుంటా కదా" అంటాడు. అతని తెలుగు నిజమే, అభిమానమూ నిజమే కావచ్చు. కానీ అతని షీటులోనూ అవే గళ్ళు. చుట్టరికం కలిసిన చోట కొటేషన్ గట్టిగా అడగడానికి మనకి మొహమాటం అడ్డొస్తుంది. కాఫీ తాగండి, ఊరి కబుర్లు చెప్పుకోండి, కాగితం మాత్రం ఎవరినైనా అడిగినట్టే అడగండి.

అంతకన్నా పెద్దది ముహూర్తం. "డెలివరీకి మంచి రోజు ఏమన్నా చూసుకున్నారా సార్?" అని నవ్వుతూ అడుగుతారు. చెప్పేశారా, ఇక మీరు లేచి వెళ్ళరని వాళ్ళకి తెలిసిపోతుంది. 2025లో మా పిన్ని కొడుకు విజయదశమికి కారు కావాలని ముందే చెప్పేశాడు. ఆ సెప్టెంబర్ 22నే చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. ఆ తగ్గిన పన్నునే సేల్స్‌మన్ తమ ఫెస్టివల్ డిస్కౌంట్‌గా కాగితం మీద రాసి చూపించాడు. దానికి తోడు 32 వేల యాక్సెసరీ ప్యాక్. వద్దంటే "ఇప్పుడు మారిస్తే దసరాకి బండి రాదు" అని ఒకే పాట. నాకు ఫోన్ చేస్తే, డబ్బు మొత్తం కట్టకముందు బండి చూపించమని అడిగి హొస్కోటె వైపు ఉన్న వాళ్ళ స్టాక్‌యార్డ్‌కి ఇద్దరం వెళ్ళాం.

గాజు మీద దుమ్ము వేలితో పేరు రాసేంత మందంగా ఉంది. టైరు పక్కన వంగి చూస్తే 0425 అని నాలుగంకెలు, అంటే 2025లో నాలుగో వారం. టైరు కారు కన్నా కొంచెం ముందు తయారవుతుంది కాబట్టి దాన్ని మాత్రమే పట్టుకోకూడదు. బండి తయారైన నెల అడిగాను. సేల్స్ సర్టిఫికెట్, అంటే ఫారం 21లో అది ఎలాగూ రాయాలి, ఇప్పుడే చెప్పండి అన్నాను. ఫిబ్రవరి. "పోయిన నెల వచ్చిన బండి" అని చెప్పిన మనిషి తేలు కుట్టినట్టు నిలబడిపోయాడు. డీలర్లు బండ్లని ఎక్కువగా అప్పు మీద తెచ్చుకుంటారు. యార్డులో ఉన్న ప్రతి రోజుకీ వడ్డీ పడుతుంది, అందుకే ముహూర్తం ఉన్నవాళ్ళకి పాత బండి అంటగడతారు. ఎనిమిది నెలలు కదలకుండా నిలబడితే బ్యాటరీ నీరసపడుతుంది, టైర్లు ఒకే చోట ఒత్తుకుంటాయి.

పిన్నికి అక్కడినుంచే ఫోన్ చేశాం. దసరాకి కారు రాదేమోనని వాడికి ఏడుపొక్కటే తక్కువ. పిన్ని ఒక్కటే అడిగింది, "బండి బాగుందా లేదా?" బాలేదన్నాను. "అయితే రేపు పొద్దున్నే ఊరికి రండి, బొబ్బట్లు చేస్తున్నా" అని పెట్టేసింది. అక్టోబర్‌లో తయారైన బండి, యాక్సెసరీ ప్యాక్ లేకుండా, నవంబర్‌లో వచ్చింది. మైసూరు రోడ్డులో గాలి ఆంజనేయస్వామి గుడి ముందు పూజ చేయించి నిమ్మకాయలు తొక్కించాం.

మీ విషయంలో నేనైతే ఇలా చేస్తాను. ఈసారి శనివారం కాకుండా మంగళవారమో బుధవారమో పొద్దున పదకొండింటికి వెళ్ళండి, ఖాళీగా ఉంటారు, మేనేజరే మాట్లాడతాడు. అదే కారుకి ఇద్దరు డీలర్ల దగ్గర విడివిడి లైన్లతో కొటేషన్ తీసుకోండి. ఛాసిస్ నంబర్, తయారైన నెల రాసిచ్చాక, బండి కళ్ళారా చూశాకే మిగతా డబ్బు కట్టండి. నంబర్ ప్లేట్ లేకుండా బండి బయటికి తియ్యకండి, కొత్త బండిని అలా అప్పగించకూడదని మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. బుకింగ్ డబ్బు వెనక్కి ఇవ్వం అని డీలర్ మొండికేస్తే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. ఆ నంబర్ మెయిల్‌లో పెడితే చాలాసార్లు డబ్బు కదులుతుంది.

కొటేషన్లు రాగానే మీ పేరు, ఫోన్ నంబర్ చెరిపేసి ఇక్కడ పెట్టండి. ఒక్కో లైను చూసి ఏది ఉంచాలో ఏది కొట్టేయాలో రాస్తాను.